నీళ్ల గట్టున – 7: ఎక్కడికి? ఎందుకు? ఎవరి తాలూకా?



ఈసారి తొలకరి కవిత్వం మీద రాస్తానని పోయిన భాగంలో మాటిచ్చాను. దాన్ని పక్కన పెడుతున్నాను. మధ్యలో ఒక నడక జరిగింది. ముందు దాని సంగతి తేలాలి.

పోయిన నెల మా కాలేజీలో నాతో పనిచేసే ఒక సార్ ఫోన్ చేశారు. హైదరాబాద్ నుంచీ విశాఖ నుంచీ ఓ ఇరవై మంది వస్తున్నారట. నెలకో పల్లెటూరు కాలినడకన తిరుగుతారట. ఈసారి కోనసీమ పెట్టుకున్నారట. డాక్టర్లు, సాఫ్ట్‌వేర్ వాళ్లు, ఇద్దరు రిటైరైన ఆఫీసర్లు. కాలవ గట్టు మీద 8 కిలోమీటర్లు. "మీది ఆ ఊరే కదా మేడం, పైగా తెలుగు సాహిత్యంలో పీహెచ్‌డీ. దారిలో గోదావరి గురించి నాలుగు మాటలు చెప్తే బావుంటుంది" అన్నారు.

వెళ్లాను. సిగ్గు విడిచి చెప్తున్నాను, పిలిచినందుకు సంతోషమేసింది. మా ఊరి గట్టు మీద నడవమని నన్ను ఎవరైనా మర్యాదగా పిలవడం నా ముప్పై నాలుగేళ్లలో అదే మొదటిసారి.

తెల్లవారుజామున అయిదింటికి లాకుల దగ్గర కలిశాం. ఇంకా చీకటే. అందరి నుదుటి మీదా లైట్లు, చేతుల్లో కొండలెక్కేవాళ్లు పట్టుకునే మడత కర్రలు. కోనసీమలో కొండెక్కడుంది? మాకు ఎత్తంటే గట్టే. సరే, వాళ్ల మోకాళ్లు వాళ్లవి. నాకూ ఒక లైటు ఇచ్చారు. పెట్టుకున్నాను.

అర కిలోమీటరు నడిచామో లేదో, ముందు నడిచేవాళ్ల వెలుగు గట్టు వాలు మీద పడింది. ఏడెనిమిది మంది ఆడవాళ్లు ఒక్కసారిగా లేచి నిలబడ్డారు. చీరలు సర్దుకుంటూ, మొహాలు అటు తిప్పుకుని, బారుగా.

మీలో చాలామందికి ఇంతకన్నా చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను. నేను పదో తరగతి దాకా అమ్మతో, చిన్నమ్మతో అదే గట్టుకి అదే వేళకి వెళ్లినదాన్ని. లారీ లైట్లు కనబడితే లేవాలి. లారీ పోయాక కూర్చోవాలి. తెల్లారేలోగా ఎన్ని బళ్లు వస్తే అన్నిసార్లు. పగలు కడుపులో తేడా చేస్తే చీకటి పడేదాకా ఓర్చుకోవాలి. నీళ్లు తక్కువ తాగాలి. కాలవ పక్కన పుట్టి నీళ్లు తక్కువ తాగడం నేర్చుకున్న పిల్లలం మేం.

నా వెనక ఎవరో "మంచు చూడండి, పెయింటింగులా లేదూ" అన్నారు. ఎవరిదో కెమెరా టిక్కుమంది. వాళ్లని తిట్టడం తేలిక. కానీ ఆ వెలుగుల్లో ఒకటి నా నుదుటి మీదుంది. ఆర్పాను. ఆర్పేలోపే అందులో ఒకావిడ నన్ను పోల్చుకుంది. "మన పిల్లేనే" అంది పక్కావిడతో, మెల్లిగా. ఆ మాటలో కోపం లేదు. కోపం ఉంటే బావుండేది.

ప్రభుత్వం మరుగుదొడ్లు కట్టించింది కదా, ఇంకా ఇదేంటని అడుగుతారు. కట్టించింది. మా పేటలో పట్టా ఉన్న ఇళ్లకి కట్టించింది. గట్టు పోరంబోకు మీద పడ్డ ఇళ్లకి పట్టా లేదు, పట్టా లేనిదే బిల్లు పడదు. పేట నిండిపోయి, కొడుకులకి పెళ్లిళ్లయి, చోటు లేక గట్టెక్కినవాళ్లు వాళ్లు. ఇరిగేషన్ కాగితాల్లో వాళ్ల పేరు ఆక్రమణదారులు. నడకకి వచ్చినవాళ్ల కళ్లకి వాళ్లు మంచులో ఒక భాగం.

ఇక దారి సంగతి. నిర్వాహకుల దగ్గర చక్కగా గీసిన మ్యాపు ఉంది. లాకులు, రామాలయం, అగ్రహారం, మండువా లోగిలి, అక్కడ కాఫీ, పూతరేకులు, తర్వాత కొబ్బరి తోటలు, పడవ రేవు, అరిటాకులో భోజనం. గట్టు తిన్నగా పోతే మా పేట తగుల్తుంది. మ్యాపులో గీత మాత్రం సరిగ్గా అక్కడికొచ్చి మలుపు తిరిగి, తోటల్లోంచి చుట్టూ పోయి, పేట దాటాక మళ్లీ గట్టెక్కింది. "తిన్నగా పోతే దగ్గర కదండీ" అన్నాను. లోగిలి తాలూకు పెద్దాయన, మాకు ఆతిథ్యం ఇస్తున్నాయన, నవ్వి "అటు చూడ్డానికి ఏం లేదండి. మురుగు కాలవ, వాసన" అన్నారు.

డెల్టా గురించి తెలియనివాళ్లకి ఒక మాట. మా దగ్గర కాలవలు రెండు రకాలు. పంట కాలవ నీళ్లు తెస్తుంది. మురుగు కాలవ పొలాల్లో, ఊళ్లో వాడేసిన నీళ్లని సముద్రానికి మోసుకుపోతుంది. పంట కాలవ మెరక మీద నడుస్తుంది, మురుగు కాలవ పల్లంలో. ఏ ఊరికైనా వెళ్లండి. మెరక మీద ఎవరున్నారో, పల్లంలో ఎవరున్నారో చూడండి. కులం అర్థం కావడానికి పుస్తకం అక్కర్లేదు, నీళ్లు ఎటు పారుతున్నాయో చూస్తే చాలు. వేసవిలో కాలవలు కట్టేసినప్పుడు ముందు ఎండేది శివారు. వరదొచ్చినప్పుడు ముందు మునిగేదీ శివారే.

కాబట్టి ఆ పెద్దాయన అబద్ధం చెప్పలేదు. వాసన ఉంది. ఎవరి వాసనో చెప్పలేదు, అంతే.

వంతెన దగ్గర అసలు సంగతి జరిగింది. ఆరున్నర అయింది. పిట్టగోడ మీద ముగ్గురు కుర్రాళ్లు కూర్చుని ఫోన్ చూసుకుంటున్నారు. మమ్మల్ని చూసి ఒకడు చటుక్కున లేచాడు. మా కాలేజీలో డిగ్రీ రెండో సంవత్సరం, నా క్లాసులో మూడో బెంచీ. నేను పలకరించేలోపే పెద్దాయన అందుకున్నారు.

"ఏరా, ఎవరి తాలూకా? పొద్దున్నే ఇక్కడేం పని?"

కుర్రాడు వాళ్ల నాన్న పేరు చెప్పాడు. ఫలానా ఆయన కొడుకునండి, ఆయ్, ఊరికేనండి, అన్నాడు. డిగ్రీ చదువుతున్నానని చెప్పలేదు. ఈవిడ మా మేడమని చెప్పలేదు. నేనే కల్పించుకుని "మా స్టూడెంటండి" అన్నాను. "అలాగా, మంచిది మంచిది" అన్నారాయన. గొంతు మారింది. ఇరవై మందీ వాడి వైపు చూసి చిరునవ్వు నవ్వారు.

ఇంటికొచ్చాక ఆ "అలాగా" నన్ను పడుకోనివ్వలేదు. నేను చేసిందేమిటి? వాడికి జామీను ఇచ్చాను. పుట్టిన ఊళ్లో, ప్రభుత్వం వేసిన వంతెన మీద, పొద్దున్న పూట కూర్చున్నందుకు ఒక పిల్లాడికి కాలేజీ లెక్చరర్ జామీను కావాల్సొచ్చింది. అదే గట్టు మీద ఇరవై మంది బయటూరివాళ్లు కర్రలు పట్టుకుని, తలకాయలకి లైట్లు కట్టుకుని చీకట్లో తిరుగుతుంటే మీరు ఎవరి తాలూకా అని అడిగిన నాథుడు లేడు. అడగరు. వాళ్ల మొహాల మీద రాసుంటుంది.

ఈ "ఎవరి తాలూకా" అన్న మాట సినిమాల్లో వింటే ముచ్చటగా ఉంటుంది. "ఆయ్" కూడా అంతే. కోనసీమ మర్యాదట. మా ప్రాంతంలో అందరూ అంటారు, నిజమే. కానీ మా మామ్మ కామందు గారి గుమ్మం బయట నిలబడి అనే ఆయ్‌లో నడుము వంగేది. ఆ వంగడం రికార్డింగులో వినబడదు.

నా వాదన ఒకటే, సూటిగా చెప్తాను. పనిలేకుండా నడవడం ఒక హక్కు. ఈ దేశంలో అది కులాన్ని బట్టి దొరుకుతుంది. మావాళ్ల నడక ఎప్పుడూ ఏదో ఒక పనికి జవాబు చెప్పుకుంటూ వచ్చింది. నెత్తిన గంప ఉంటే నడవొచ్చు. చేతిలో కొడవలి ఉంటే నడవొచ్చు. మా నాన్న కొబ్బరి దింపు కార్మికుడు. కాళ్లకి వేసుకునే బంధం భుజాన, కత్తి నడుముకి. అవి ఉన్నంతసేపూ ఏ తోటలోనైనా తిరిగేవాడు, ఎవరూ అడిగేవాళ్లు కాదు. ఆదివారం చర్చికి వెళ్లొస్తూ, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఉత్త చేతులతో అదే తోట అడ్డదారిన వస్తే "ఎక్కడికిరా?" అని కేక వినబడేది. బంధం, కత్తీ మా నాన్నకి పనిముట్లే కాదు, దారి చీటీలు కూడా. మా అమ్మ ఊడ్పులకీ కోతలకీ నడిచింది, తర్వాత కువైట్ వెళ్లింది. ఒక బ్యాగు పట్టుకుని బస్సు దాకా గట్టు మీద నడిచిన రోజున మాత్రం ఎవరూ ఎక్కడికని అడగలేదు. అందరికీ తెలుసు.

నడకకి వచ్చిన డాక్టరు గారొకాయన నాతో అన్న మాట కూడా రాయాలి, లేకపోతే అన్యాయమవుతుంది. మంచి మనిషి. "ఇక్కడ కాలం ఆగిపోయినట్టుంది మేడం. ఎంత ప్రశాంతం" అన్నారు. నేను ఆయనతో అక్కడ వాదించలేదు. ఇక్కడ వాదిస్తున్నాను.

కాలం ఇక్కడ ఎప్పుడూ ఆగలేదు సార్. మీరు నడిచిన కాలవ ప్రకృతి కాదు, ప్రాజెక్టు. 1847లో మొదలుపెట్టి 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. ఆ తర్వాతే గౌతమికీ వశిష్ఠకీ మధ్య ఈ పచ్చదనం ఇంతగా పరుచుకుంది. కాటన్ దొరని నేను తక్కువ చేయను. మా మామ్మ కూడా ఆయన బొమ్మకి దండం పెట్టేది. ఊరూరా ఆయనకి విగ్రహం ఉంది, పూలదండ ఉంది. కాలవ తవ్వి మట్టి తట్టలు మోసినవాళ్ల పేరు మీద ఒక రాయి ఉందా? నీళ్లు ఎవరి పొలంలోకి పోయాయో రెవెన్యూ రికార్డుల్లో సర్వే నంబర్లతో సహా ఉంది. గట్టు ఎవరి నెత్తిన లేచిందో ఎక్కడా లేదు. ఆ మట్టి మోసినవాళ్ల మునిమనవలు ఇవాళ ఆ గట్టు మీదే ఆక్రమణదారులు.

ప్రశాంతం అన్నారు. 2014 జూన్ 27 తెల్లవారుజామున మామిడికుదురు మండలం నగరంలో గ్యాస్ పైపులైను పేలి 20 మందికి పైగా కాలిపోయారు. మీరు మంచు ఫొటో తీసిన వేళే అది. కొబ్బరి చెట్లు నిలువునా మాడిపోయాయి. 2011లో ఇదే కోనసీమలో రైతులు ఖరీఫ్‌కి పంట విరామం ప్రకటించారు. గిట్టుబాటు లేదన్నారు, నిజమే, లేదు. దేశమంతా రైతు కష్టం గురించి మాట్లాడింది. విరామం అనే మాట మా అమ్మలాంటివాళ్లకి ఎలా వినబడుతుందో ఎవరూ అడగలేదు. భూమి ఉన్నవాడు పంట మానేస్తే అది నిరసన. ఊడ్పులు లేని ఆడకూలీకి అది పస్తు.

ఇక నీళ్ల గట్టు మీద జరిగిన మిగతా నడకలు. వీటికి మ్యాపులు లేవు.

1985 జులై, కారంచేడు. మాదిగపల్లె తాగే చెరువు దగ్గర కమ్మ కుర్రాళ్లు గేదెలు కడిగి ఆ కుడితి నీళ్లు చెరువులోకి పోతుంటే అదేమిటని అడిగారు. నీళ్ల బిందె పట్టుకుని నడిచొచ్చిన మున్నంగి సువార్త ఎదురు తిరిగింది. మర్నాడు, జులై 17న, పల్లె మీద పడ్డారు. ఆరుగురు చనిపోయారు. 1991 ఆగస్టు 6, చుండూరు. కృష్ణా డెల్టా. మీకు నచ్చే దృశ్యమే, పచ్చని పొలాలు, కాలవలు, గట్లు. ఆ గట్ల మీద, ఆ పొలాల్లో మనుషుల్ని తరిమి తరిమి చంపారు. ఎనిమిది మంది. శవాల్ని గోనెసంచుల్లో కుక్కి తుంగభద్ర డ్రెయిన్‌లో పడేశారు. మురుగు కాలవ గురించి ఇందాక చెప్పాను కదా, అది కూడా మోసుకుపోవాల్సొచ్చింది. 2007లో ఆ ఊళ్లోనే ఏర్పాటైన ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది. 2014లో హైకోర్టు అందర్నీ విడిచిపెట్టింది.

నేను మా డెల్టా పచ్చదనం చూసి కళ్లు చల్లబడ్డప్పుడల్లా ఆ డ్రెయిను గుర్తొస్తుంది. గుర్తు రావడం నా తప్పు కాదు.

సాహిత్యం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు కదా. రామాలయం అరుగు మీద చెప్పాను. వాళ్లు కోరుకున్నది భావకవిత్వం. నదీ, వెన్నెలా, పడవా, ఎంకీ, నాయుడు బావా. నాకూ ఎంకి పాటలంటే ఇష్టమే, ఎమ్మే క్లాసులో ఏటా చెప్తాను. కానీ నేను అక్కడ జాషువా గబ్బిలం గురించి మాట్లాడాను. 1941 నాటి కావ్యం. మేఘసందేశం పద్ధతిలో నడిచే కావ్యమని పాఠాల్లో చెప్పుకుంటాం. కానీ తేడా చూడండి. కాళిదాసు యక్షుడు శాపం వల్ల కదల్లేడు, ఏడాది తిరిగితే శాపం తీరుతుంది. జాషువా కథానాయకుడు అంటరానివాడు కాబట్టి కదల్లేడు, ఆ శాపానికి గడువు లేదు. గుడిలోకి పోలేడు, అందుకని శివుడి చెవిలో తన మొర చెప్పమని ఒక గబ్బిలాన్ని పంపుతాడు. అది దేశమంతా చూసుకుంటూ ఎగిరిపోతుంది, అతను గుడిసెలోనే ఉంటాడు. తెలుగు కవిత్వంలో ఇంత అందమైన దేశయాత్ర చేయించినవాడి పాత్ర ఒక్క అడుగు కూడా వేయలేకపోయింది. మన సాహిత్యంలో ప్రకృతి వర్ణన గురించి ఎవరు మాట్లాడినా నేను అడిగేది ఇదే. వర్ణించినవాడు కాళ్లతో చూశాడా, గబ్బిలం కళ్లతో చూశాడా?

మాట్లాడిన చోటికి కొంచెం దూరంలోనే మామిడికుదురు. బోయి భీమన్న పుట్టిన ఊరు. గుడిసెలు కాలిపోతున్నై అన్న పుస్తకానికి 1975లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. నడకకి వచ్చిన ఇరవై మందిలో ఆయన పేరు విన్నవాళ్లు ఒక్కరు. సినిమాల్లో చూపించిన రేవుల పేర్లు మాత్రం అందరికీ నోటికొచ్చు. వాళ్లని ఏమనను? మనం సిలబస్‌లో ఏం పెట్టాం గనక.

ఒక ఆఫీసరు గారు ఇంగ్లండ్ గురించి చెప్పారు. కూతురు అక్కడుందట. ఊళ్ల మధ్య, కాలవల పక్కన, పొలాల్లోంచి కాలిబాటలు ఉంటాయనీ, ఎవరైనా నడవొచ్చనీ, మన దగ్గర ఆ సంస్కారం లేదనీ అన్నారు. బాటలున్న మాట నిజం. కానీ అన్నిచోట్లా ఆ దారి సంస్కారంతో రాలేదండి. ఉమ్మడి భూములకి కంచెలు వేసుకున్న జమీందార్లు వేటకోసం కొండల్ని మూసేస్తే, 1932 ఏప్రిల్ 24న మాంచెస్టర్, షెఫీల్డ్ ప్రాంతాల కార్మిక కుర్రాళ్లు వందలమంది కిండర్ స్కౌట్ కొండ మీదికి కావాలని, నిషేధాన్ని కాదని నడిచారు. అయిదుగురు జైలుకెళ్లారు. అలాంటి బీళ్లలో, కొండల్లో నడిచే హక్కుకి చట్టం రావడానికి 2000 సంవత్సరం దాకా పట్టింది. అక్కడ కూడా నడక మిల్లు కార్మికుడు పోరాడి తెచ్చుకున్న దినుసు. మీ అమ్మాయి నడుస్తున్న దేశంలో ఆ జైలు కూడా ఉంది.

అంతకు అయిదేళ్ల ముందే మన దగ్గర ఇంకా పెద్ద నడక జరిగింది. 1927 మార్చి 20, మహాడ్. బాబాసాహెబ్ ముందు, వేలమంది వెనక, చవదార్ చెరువు దాకా నడిచారు. నీళ్లు దోసిట్లో తీసుకుని తాగారు. అంతే చేసింది. తిరిగొస్తున్నవాళ్ల మీద దాడి జరిగింది. తర్వాత చెరువుని 108 కుండల పంచగవ్యంతో శుద్ధి చేశారు. నడక, నీళ్లు. ఈ రెంటినీ మన ఉద్యమం ఎప్పుడూ విడదీయలేదు. రాజ్యాంగంలో 15(2) తీసి చదవండి. బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు ఒకే వరసలో ఉంటాయి. 1989 అత్యాచారాల నిరోధక చట్టంలో మేం తాగే నీళ్లు పాడుచేయడం, మేం నడిచే దారికి అడ్డుపడడం పక్కపక్కనే నేరాలుగా రాశారు. ఆ రాసినవాళ్లకి పల్లెటూరు తెలుసు. 1948 నవంబర్ 4న రాజ్యాంగసభలో గ్రామాన్ని అంబేడ్కర్ ఎంత కటువుగా తిట్టారో మీరంతా చదివే ఉంటారు. ఆయన పల్లెటూళ్లో నడవలేదని ఎవరూ అనలేరు. నడిచే తిట్టాడు.

ఆ పేరు సంగతి కూడా ఇక్కడే. 2022 ఏప్రిల్‌లో కోనసీమ కొత్త జిల్లా అయింది. మేలో దానికి డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లా అని పేరు పెట్టే ప్రతిపాదన వచ్చింది. మే 24న అమలాపురంలో మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టారు. ఆ తర్వాత ఇంటర్నెట్ కట్టేశారు. కోనసీమ అన్న పేరు పోలేదు, పక్కన ఇంకో పేరు చేరింది, అంతే. అయినా మంటలు లేచాయి. మా నడక బృందం బ్యానర్ మీద "అందాల కోనసీమ" అని ఉంది. జిల్లా పూర్తి పేరు రాయొచ్చు కదా అన్నాను. "రాజకీయాలొద్దండి, మనం ప్రకృతి కోసం వచ్చాం" అన్నారు. ఆ బ్యానర్‌లో పేట లేదు, పేరూ లేదు. మలుపు తిరిగిన గీతే మళ్లీ.

టూరిజం వస్తే మీ పేట కుర్రాళ్లకే ఉపాధి కదా అని వాదించేవాళ్లున్నారు. వస్తుంది. పడవ నడిపే పని, గదులు ఊడ్చే పని, బొండాలు దింపే పని. కాఫీ మాత్రం లోగిలివాళ్లే ఇస్తారు, ఎందుకంటే అతిథులు ఎవరి చేత్తో తాగుతారో వాళ్లకి బాగా తెలుసు. పేటలో ఒక ఇంట్లో భోజనం పెట్టించండి, రొయ్యల ఇగురు మా చిన్నమ్మ వండితే ప్లేటు నాకుతారు అన్నాను. నవ్వేశారు. జోక్ అనుకున్నారు.

ఇప్పుడు నా మీదికొచ్చిన ప్రశ్న. వంతెన మీది కుర్రాడు సోమవారం క్లాసయ్యాక స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గర నిలబడ్డాడు. లోపలికి రమ్మన్నాను.

"మేడం, మీరు అలా అనకుండా ఉండాల్సింది."

"ఏమని?"

"మా స్టూడెంటని. ఇకనుంచి ఆయన నన్ను మేడంగారి స్టూడెంటని గుర్తుపెట్టుకుని వదిలేస్తాడు. మిగతా ఇద్దర్నీ వదలడు. వాళ్లు చదువు మానేశారు కదా."

నాకు మాట రాలేదు. వాడు ఇంకోటి కూడా అడిగాడు. మీకు ఆ గట్టంటే ఇష్టమా మేడం, అని. అబద్ధం చెప్పలేకపోయాను. ఇష్టం. ఊడ్పులప్పుడు నీళ్లలో ఆకాశం పడుకుని ఉంటే నాకూ నిలబడి చూడాలనిపిస్తుంది. కాలవలో ముంజికాయ బండి చక్రం జారిపోతే ఏడుస్తూ గట్టెంట పరిగెత్తిన పిల్లని నేనే. కాలవలు వదిలిన రోజు మొదటి నీళ్ల ఎర్రమట్టి వాసన నాకు ఇప్పటికీ హాస్టల్ కలల్లో వస్తుంది. పల్లెటూరి అందం గురించి మాట్లాడితే బ్రాహ్మణవాదం అని మనలో కొందరు మిత్రులు కొట్టిపారేస్తారు. నేను ఒప్పుకోను. అందాన్ని వాళ్లకి రాసిచ్చేసి మనం మురుగు కాలవ మాత్రమే ఉంచుకుంటామా? మా నాన్న చెట్టు చివర కూర్చుని సముద్రం దాకా కనిపిస్తుందని చెప్పేవాడు. ఆ ఎత్తు నుంచి కోనసీమని చూసినవాళ్లు దింపు కార్మికులు తప్ప ఎవరున్నారు? ఏ యాత్రా రచయిత చూశాడు?

వాడు విని, "అయితే మనం నడుద్దాం మేడం. పనేం లేకుండా" అన్నాడు.

అదే చేస్తున్నాం. వచ్చే నెల రెండో ఆదివారం. లాకుల దగ్గర కాదు, మా పేట చర్చి దగ్గర కలుద్దాం. మురుగు కాలవ గట్టు మీదుగా శ్మశానం దారి దాకా, అక్కణ్ణుంచి పంట కాలవ వంతెన, తర్వాత రామాలయం వీధి, తర్వాత లోగిలి ముందునించి రేవుకి. మలుపు ఎక్కడా లేదు. బ్యానర్ లేదు, నినాదాలు లేవు, మైకు లేదు. ఊరేగింపయితే పర్మిషన్ అడుగుతారు, ఇది ఊరేగింపు కాదు. ఎవరైనా ఎక్కడికి అంటే ఊరికే అని చెప్పండి. ఎవరి తాలూకా అంటే మీ పేరు చెప్పండి, మీ నాన్న పేరు కాదు. సెల్ఫోన్లలో చార్జింగ్ ఉంచుకోండి. ఆడపిల్లలు తప్పక రండి, మా చిన్నమ్మ ఇంట్లో బాత్రూమ్ ఉంది. భోజనం కూడా అక్కడే, తలకి వంద రూపాయలు, డబ్బు ఆవిడ చేతికే ఇవ్వాలి.

చదువు మానేసిన ఆ ఇద్దరు కుర్రాళ్లే దారి చూపిస్తారు. నేను వెనక నడుస్తాను.

బయల్దేరేది ఏడున్నరకి. అంతకన్నా ముందు ఎవరూ గట్టెక్కొద్దు. ఆడవాళ్లు ఇళ్లకి వచ్చేసి ఉండాలి. లైట్లు తేకండి.